ఆశయు ప్రమాణమును: ఊపిరితిత్తుల క్యాన్సరునకు జీవక్రియౌషధములు

   

మన సంఘ వార్షిక మహాసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఈ యేడు కార్యవర్గమువారు మమ్ము పిలిచి, వానికి భిన్నమైన యొక విషయమును గూర్చి విన్నవింపుమని కోరిరి. మన సహాయనిధికి వైద్యవ్యయము నిమిత్తమై వచ్చు విన్నపములలో, ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరినవారి కుటుంబములనుండి వచ్చునవి కొన్ని కలవు. “ఇది క్రొత్త మందు, ప్రయోగదశలో నున్నది, క్యాన్సరు కణమునకు తిండి దొరకకుండ చేయును, దీనికై ధనమిప్పింపుడు” అను మాట వానిలో పదేపదే కానవచ్చుచున్నది. ఇచ్చిన ధనము వ్యర్థమగునేమో యను శంక యొకవంక, ఇయ్యకున్న నొక ప్రాణమును చేజార్చినవారమగుదుమేమో యను భయ మింకొకవంక కార్యవర్గమువారిని బాధించుచున్నవి. ఈ సందిగ్ధమును తీర్చుటకు దారి యేది యని విచారించుటయే నేటి మా ప్రయత్నము.

మేము వైద్యులము కాము. ముప్పది నాలుగేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. మందుల మోతాదులు చెప్పుట మా పని కాదు. అయినను, ఒక మాట నమ్మదగినదా, కాదా యని శోధించు పద్ధతి కేవలము వైద్యుల సొత్తు గాదు. దానికి మన పూర్వులు ప్రమాణవిచారమని పేరు పెట్టిరి. చిన్ననాడు గురువులకడ మేము చదివిన శాస్త్రమదియే. ఆ దృష్టితో ఈ విషయమును చదివి తెలిసికొన్నంతవరకు మీ ముందుంచుచున్నాము.

మన పెద్దలు రాచకురుపని పిలిచిన క్యాన్సరు దేహమున నేయవయవమునందైన పుట్టవచ్చును. వానిలో ఊపిరితిత్తులకు వచ్చునది మిక్కిలి ప్రాణాంతకము. 2022వ సంవత్సరమున లోకమంతట దానివలన మరణించినవారు సుమారు 18 లక్షలమంది యని అంతర్జాతీయ గణకులు లెక్కకట్టిరి. ఈ వ్యాధి మొదట నొప్పి యెరుంగనీయదు. విడువని దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట, కఫములో రక్తపు జీర, ఇవి కనబడునప్పటికి జాగు జరిగిపోయి యుండును. మన దేశమున నింకొక చిక్కు గలదు. ఈ లక్షణములే క్షయకును గలవు గాన, ఎక్సురే పటములో నీడను చూచి క్షయమందులిచ్చి నెలలు గడుపుట పలుచోట్ల జరుగుచున్నది. ముదిరినదనగా వ్యాధి ఊపిరితిత్తిని దాటి ఎముకలకు, మెదడునకు, కాలేయమునకు ప్రాకినదని యర్థము. అట్టిదానిని కత్తితో కోసి తీసివేయుట సాధ్యము కాదు. మందులతో ఆయువును కొంత పొడిగించుటయు, బాధను తగ్గించుటయు వైద్యుని లక్ష్యములగును. ఈ దశయందే రోగి బంధువులు ప్రయోగౌషధములకై వెదకుట యారంభింతురు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

ఇక “కణమునకు తిండి దొరకకుండ చేయుట” యనగానేమి? మనము తిన్న యన్నము జీర్ణమై, గ్లూకోజను చక్కెరగా మారి, రక్తముద్వారా ప్రతికణమునకు చేరును. కణము దానిని ప్రాణవాయువు సాయమున నెమ్మదిగా దహించి శక్తిని గ్రహించును. ఇట్టి మార్పుల సముదాయమునే జీవక్రియ యందురు. మనము వేగముగ పరుగెత్తునపుడు కండరములకు ప్రాణవాయువు చాలదు. అప్పుడవి చక్కెరను సగములో విరిచి, పులియబెట్టి, లాక్టిక్ ఆమ్లముగ విడిచిపెట్టును. పాలు తోడుకొని పెరుగగునపుడు పుట్టు పులుపు ఈ యామ్లమే. ఈ పద్ధతియందు శక్తి మిక్కిలి తక్కువగా లభించును, చక్కెర మిక్కిలి యెక్కువగా ఖర్చగును.

జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆటో వార్బర్గు 1920 ప్రాంతపు దశాబ్దమున నొక వింతను కనుగొనెను. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నను క్యాన్సరు కణములు చక్కెరను పులియబెట్టుకొనియే బ్రతుకుచున్నవి! పెరటిలో పెద్దబావి యుండగా వీధికుళాయికడ బిందెలు వరుసపెట్టు ఇల్లాలివలె నున్నది వాని నడత. వార్బర్గునకు 1931లో శ్వాసక్రియకు తోడ్పడు ఎంజైమును గూర్చిన పరిశోధనకు నోబెల్ బహుమానము వచ్చెను. నేడు పెద్ద ఆసుపత్రులలో తీయు పెట్ స్కాను ఆయన కనుగొనిన వింతపైననే యాధారపడినది. గుర్తుపెట్టిన చక్కెరను రక్తములోనికి పంపి, అది యెచ్చట మెండుగ పోగగుచున్నదో చూచి, క్యాన్సరు ప్రాకిన తావులను వైద్యులు గుర్తింతురు.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఆయుర్వేదమున ధాత్వగ్ని యను మాట గలదు గాన, ఇదంతయు మన ఋషులకు ముందే తెలియునని సభలలో చెప్పువారు గలరు. మేము సంస్కృతము చదివినవారమగుటచేతనే ఆ మాట నొప్పుకొనజాలము. పేరు పోలినంతమాత్రమున వస్తువొకటి కాదు. పూర్వుల గౌరవము మన అతిశయోక్తులపై నిలువవలసినంత దుర్బలమైనది కాదు.

వార్బర్గు చూచినది ప్రత్యక్షము. దానినుండి పుట్టిన యనుమానమేదనగా, చక్కెర దారిని మూసినయెడల క్యాన్సరు కణము మాడి చచ్చునని. వినుటకిది ఎంతయు సొంపుగ నున్నది. అయితే అనుమానమెప్పుడు ప్రమాణమగును? ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివిన బాలునికైన తెలియును. కొండపై పొగను చూచి నిప్పున్నదనుట సరియైన యనుమానము. నిప్పును చూచి పొగయుండితీరుననుట సరి గాదు. ఎర్రగ కాలిన యినుపగుండునందు నిప్పు గలదు, పొగ లేదు. కట్టె తడిసియున్నప్పుడే నిప్పువలన పొగ పుట్టును. కంటికి కనబడక నడుమ నిలిచి మన యనుమానమును చెరచు ఈ తడికట్టెవంటిదానికే తార్కికులు ఉపాధి యని పేరిడిరి. ఔషధములను గూర్చిన వాదములలో ఇట్టి ఉపాధులు కుప్పలుగా నుండును. వానిని వెదకి తీయుటకే నేటి శాస్త్రజ్ఞులు మనుష్యులపై తులనాత్మక పరీక్షలు జరుపుచున్నారు. ఇందులకు మూడు దృష్టాంతములు చెప్పెదము.

మొదటిది డైక్లోరోఎసిటేట్ అను మందు. రక్తములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనిపోవు జన్మవ్యాధులు గల పిల్లలకు దీనిని చాలకాలమునుండి ఇచ్చి చూచిరి. ఇది చౌకయైన చిన్న రసాయనము. చక్కెర దహనమునకు వాకిలియగు ఎంజైమునకు గడియ వైచు మరియొక ఎంజైము కణములో గలదు. ఈ మందు ఆ గడియను తీయును. 2007 జనవరిలో కెనడా దేశపు ఎడ్మంటన్ నగరమున ఆల్బర్టా విశ్వవిద్యాలయపు వైద్యుడు మైకలాకిస్, ఆయన సహచరులు నొక వ్యాసము ప్రకటించిరి. మానవుల ఊపిరితిత్తుల క్యాన్సరు కణములను ఎలుకలలో పెంచి, ఈ మందును నీటితో నిచ్చిరట. కణితి పెరుగుట తగ్గెనట. పత్రికలు ఈ వార్తను చాటినవి. పేటెంటు లేని మందు గాన ఔషధవ్యాపారులు దీనిని తొక్కిపట్టుచున్నారని జనులు చెప్పుకొనిరి. పెంపుడు జంతువుల నిమిత్తమను పేర దీనిని అమ్మువారు బయలుదేరిరి. రోగులు కొని తమంతట తామే మ్రింగిరి. అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ శాఖవారు ఆ సంవత్సరమే ఆ అమ్మకమును నిలిపివేసిరి.

పిమ్మట జరిగినదేమి? ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరినవారికి ఈ మందు నిచ్చిన అమెరికా పరీక్షయొకటి 2014లో వెలువడినది. ఏడుగురు రోగులతో నది ఆగిపోయినది. మందు మొదలిడిన వారము దినములలోపల ఇద్దరు హఠాత్తుగ మరణించిరి. ఆ మరణములకు మందే కారణమని నిర్ణయింపజాలకపోయిరి, కాదనియు చెప్పజాలకపోయిరి. ఎవ్వరియందును కణితి తగ్గలేదు. ఈ మందువలన కాలుసేతుల నరములు మొద్దుబారునని అంతకుముందే తెలియును. ఎలుకయందు నిజమైనది మనుష్యునియందు నిజము కాదని దీని సారాంశము కాదు. మనుష్యునియందు నిజమో కాదో మనుష్యునియందే, వైద్యుల కంటియెదుట, లెక్కవ్రాసి చూడవలయునని సారాంశము. ఆ యేడుగురి సంగతి లోకమునకు తెలిసినది. ఇంటిలో రహస్యముగ మ్రింగినవారి సంగతి ఎవ్వరికి తెలిసినది? వారు బ్రదికినను, మరణించినను, తరువాతివారికి నేర్పిన పాఠమేమియు లేదు.

రెండవది మన యిండ్లలో నందరెరిగిన మెట్‌ఫార్మిన్ మాత్ర. మధుమేహమునకు దీనిని వాడని వీధి మన యూళ్లలో నరుదు. ఈ మాత్ర వాడు మధుమేహులకు క్యాన్సరు కొంత తక్కువగ వచ్చుచున్నదని 2005లో నొక గణన బయటికి వచ్చెను. ఈ మందు కణములోని శక్తియంత్రమును కొంత మందగింపజేయునని తెలిసియున్నది. ప్రత్యక్షము కలదు, యుక్తియు కలదు, ఇక సందేహమేల యని పలువురు తలంచిరి. కాని ఉపాధి మాటయేమి? ఈ మాత్ర నెవరికిత్తురు? మూత్రపిండములు బాగుగనున్నవారికి, వ్యాధి అంతగ ముదరనివారికి. వారు తక్కినవారికంటె మొదటినుండియే ఆరోగ్యవంతులు కావచ్చును గదా!

కావున పరీక్షలు జరిగినవి. మెక్సికో దేశమున 139 మంది రోగులపై జరిగిన పరీక్ష 2019లో ప్రకటితమైనది. వీరందరును ఒక జన్యువులో మార్పు గలిగి, తదుచితమైన లక్ష్యౌషధమును మ్రింగుచున్నవారు. మెట్‌ఫార్మిన్ చేర్చినవారికి వ్యాధి అదుపులో నున్న కాలము మధ్యమున 13.1 నెలలు, చేర్చనివారికి 9.9 నెలలు. సంతోషించితిమా? ఆ యేడే చైనాదేశమున 224 మంది రోగులపై అట్టిదే మరియొక పరీక్ష వెలువడెను. ఇందు సగముమందికి మెట్‌ఫార్మిన్, సగముమందికి చూచుటకు దానివలెనే యుండి మందులేని మాత్ర ఇచ్చిరి. ఎవరికేది యిచ్చిరో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. ఫలమున భేదమేమియు లేదు, విరేచనములు మాత్రము మెట్‌ఫార్మిన్ వారికి హెచ్చు. శస్త్రచికిత్సకు లొంగని మూడవదశ రోగులకు కీమోతోను, కిరణచికిత్సతోను కలిపి యిచ్చిన రెండు పరీక్షలు 2021లో వెలువడినవి. మొదటిదానియందు ఏడాదిపాటు వ్యాధి పెరుగకున్నవారు మెట్‌ఫార్మిన్ లేనివారిలో నూటికి 60 మంది, ఉన్నవారిలో నూటికి 51 మంది. ఆ భేదము యాదృచ్ఛికము కావచ్చునని గణకులు తేల్చిరి, మేలు మాత్రము లేదు. చిన్నదగు రెండవ పరీక్షయందు మెట్‌ఫార్మిన్ చేర్చినవారి స్థితి యింకను హీనముగ నుండెను.

ఇచ్చట కొందరు తొందరపడి, “చూచితిరా, జీవక్రియౌషధములన్నియు బూటకములే” యనవచ్చును. అదియు ప్రమాణవిరుద్ధమే. ఇది మూడవ దృష్టాంతము. దీనితో మన తెలుగువారికి నిజమైన సంబంధము గలదు.

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరందరును వినియుందురు. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికాకు వెడలి, బోస్టను నగరమున ఫిస్కె యను శాస్త్రజ్ఞునితోగూడి పనిచేసెను. కణము తన శక్తిని నిలువచేసికొను ద్రవ్యములలో ముఖ్యమగు ఏటీపీని, ఫాస్ఫోక్రియాటినును వెలికితీసినవారిలో ఆయన యొకరు. జీవక్రియకు నాణెమువంటి పదార్థమును గుర్తించిన తెలుగువాడు! 1940లో లెడర్లీ యను ఔషధసంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లమను విటమినును తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకత్వము వహించెను.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకు ఈ జాతి ద్రవ్యముల నిచ్చి చూచెను. యుక్తి బాగుగనే యుండెను: విటమిను గదా, మేలు చేయునని. కాని వ్యాధి తగ్గుటకు మారుగ మరింత ప్రజ్వరిల్లెను. ఫార్బరు కన్నులు మూసికొనలేదు. పెంచు ద్రవ్యమున్నయెడల దానికి అడ్డుపడు ద్రవ్యము తగ్గింపవలదా యని తలపోసెను. సుబ్బారావుగారి బృందము రూపొందించిన, ఫోలిక్ ఆమ్లమునకు శత్రువగు అమినోప్టెరిన్ అను మందును పిల్లలకిచ్చెను. 1948 జూనులో ఫలితములు ప్రకటితములయ్యెను. కఠినస్థితిలోనున్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గెను. కొంతకాలమే. ఆ మాటను ఫార్బరు దాచలేదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఆగస్టునెలలో, ఏబది మూడేండ్లకే, స్వర్గస్థులైరి. కణము తన విభజనకు కావలసిన ద్రవ్యమును తయారుచేసికొనకుండ అడ్డుకొను ఈ జాతియంతయు జీవక్రియౌషధములే యని గ్రహింపుడు.

ఆ వంశమునందే మరియొక మందు పుట్టెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టేలరు, సీతాకోకచిలుకల రెక్కలకు రంగునిచ్చు ద్రవ్యముల నిర్మాణమునకును ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమునకును గల పోలికచే ఆకర్షితుడై, ఈ త్రోవ పట్టెను. ఆయన కృషియొక్క ఫలము పెమెట్రెక్సెడ్. ఇది యొకనాడు ప్రయోగదశలోని మందే. దీనివలన మొదట కొందరు రోగులకు రక్తకణములు పడిపోయి ప్రాణాపాయము కలిగినది. కారణమును వెదకగా, దేహమున ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను తక్కువైనవారికే అపాయము హెచ్చని తేలినది. మందుతోపాటు ఆ విటమినులను నియమిత మోతాదున నిచ్చుట నాటినుండి ఆచారమైనది.

2008లో వెలువడిన పెద్దపరీక్షయందు 1,725 మంది రోగులను రెండు పక్షములుగ విభజించి, ఒకరికి సిస్‌ప్లాటిన్‌తో పెమెట్రెక్సెడ్, ఇంకొకరికి సిస్‌ప్లాటిన్‌తో జెమ్‌సిటబీన్ ఇచ్చిరి. మొత్తముమీద ఇరుపక్షములవారి ఆయువు మధ్యమున 10.3 నెలలే. ఇంతటితో ఆగినయెడల భేదము లేదనుకొందుము. అయితే రోగజాతిని విడదీసి చూడగా, అడినోకార్సినోమా యను జాతివారికి పెమెట్రెక్సెడ్ పక్షమున 12.6 నెలలు, జెమ్‌సిటబీన్ పక్షమున 10.9 నెలలు. స్క్వామస్ అను జాతివారికి తారుమారై 9.4, 10.8 నెలలు. ఒకే పేరుగల వ్యాధిలో నొకనికి మేలైన మందు వేరొకనికి మేలు కాలేదు. ఇదియే తడికట్టె! 2018లో ప్రకటితమైన వేరొక పరీక్షయందు, స్క్వామస్ కాని జాతివారికి పెమెట్రెక్సెడ్ కీమోకు దేహరక్షణశక్తిని మేల్కొలుపు పెంబ్రోలిజుమాబ్ అను మందును చేర్చిరి. ఏడాది తరువాత జీవించియున్నవారు చేర్చినవారిలో నూటికి 69 మంది, చేర్చనివారిలో నూటికి 49 మంది. ఒకనాడు ప్రయోగమైనది నేడు ప్రసిద్ధచికిత్స యగుట కిది నిదర్శనము.

మూడు దృష్టాంతములయందును యుక్తి సుందరముగనే యుండెను. ఒకటి అపాయకరమయ్యెను, ఒకటి నిష్ఫలమయ్యెను, ఒకటి ప్రాణమును పొడిగించెను. యుక్తిని విని వీనిలో నేది యేదియో ముందుగ చెప్పగలవాడు లేడు. చెప్పగలనని ధనమడుగువానిని నమ్మరాదు. ఇంతయే మేము చెప్పదలచిన మాట.

ఇది ఊరక చెప్పుమాట కాదు. మేమెరిగిన యొక కుటుంబమున, నలుబదియెనిమిదేండ్ల యజమానికి ఈ వ్యాధి ముదిరినది. పెద్ద ఆసుపత్రివారు చెప్పిన చికిత్సను నడుమ మాన్పించి, పేరు చెప్పనక్కరలేని యొకచోట జీవక్రియచికిత్స యను పేర వారమునకు రెండు సూదులు చేయించిరి. ఏమందో కాగితముపై వ్రాసియిచ్చినవాడు లేడు. రెండెకరముల మాగాణి అమ్ముడుపోయినది. నాలుగు మాసములకు ఆయన కన్నుమూసెను. వ్యాధివలన మరణమును తప్పింపజాలకపోవచ్చును. కాని ఆ యిల్లాలు మాతో నన్నమాట వేరు. “పొలము పోయినందుకు నేనేడ్వను మాస్టరుగారూ, చివరి నెల ఆయన నొప్పితో అరచుచుండగా, ఇది మందు పనిచేయుచున్నదనుటకు గుర్తని వారు చెప్పిరి, నేను నమ్మితిని” అని. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను.

అట్లని ప్రయోగౌషధమునకు పోవలదని మేమనుట లేదు. సక్రమముగ నడుచు పరీక్షలో చేరుట గౌరవప్రదమైన పని. నేడు మనవారు వాడుకొను ప్రతి మందును ఎవరో తెలియని రోగులు తమ దేహములనిచ్చి శోధించినదే. మన దేశమున 2007లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ యేర్పడినది, 2009నుండి ఔషధపరీక్షలందు నమోదు నిర్బంధమైనది. 2019లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. వానిప్రకారము నైతికసమితి యనుమతి లేనిదే పరీక్ష జరుపరాదు. రోగికి అర్థమగు భాషలో సంగతులన్నియు తెలిపి సమ్మతి గైకొనవలయును. ఇష్టము లేనపుడు కారణము చెప్పకయే రోగి విరమించుకొనవచ్చును. పరీక్షవలన హాని కలిగినచో ఉచితవైద్యమును, నష్టపరిహారమును పొందు హక్కు కలదు.

కావున సహాయనిధికి విన్నపము వచ్చినపుడు కార్యవర్గమువారు ఐదు ప్రశ్నలడుగవలయునని మా మనవి. ఈ చికిత్స నమోదైన పరీక్షయందలిదా, దాని సంఖ్య యేది? నైతికసమితి యేది? ఏ చికిత్సతో పోల్చి చూచుచున్నారు? పరీక్షింపబడు మందునకు రోగివద్ద వెల యేల అడుగుచున్నారు? దీనికై రోగి మానుకొనవలసిన ప్రసిద్ధచికిత్స యేది? సక్రమమైన పరీక్షవారు వీనికి ఒక్క దినమున జవాబీయగలరు. జవాబు రానిచోటికి నిధినుండి ఒక్క రూపాయియు పోరాదు.

మరి ఆ ధనముతో నేమి చేయవలయును? సక్రమమైన పరీక్షలో చేరినవానికి రైలుఛార్జీలు, పట్టణమున తోడుండువారికి బస, భోజనము ఈయవలయును. కణితి ఏ జాతిదో, జన్యుమార్పు కలదో లేదో తెలిపెడు పరీక్షలకు ఈయవలయును. లక్ష్యౌషధము తగినవానికి దానిని గుర్తింపక పోవుటకంటె నష్టము లేదు. అన్నిటికంటె మిన్నగ ఉపశమనవైద్యమునకు ఈయవలయును. అమెరికాలో బోస్టను నగరమున 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులపై జరిగిన పరీక్ష 2010లో వెలువడినది. మామూలు చికిత్సతోపాటు మొదటినుండియే ఉపశమనవైద్యమందుకొన్నవారు తక్కువ దుఃఖముతో బ్రదికిరి. అంతియకాదు, వారి ఆయువు మధ్యమున 11.6 నెలలుండగా, తక్కినవారిది 8.9 నెలలు. నొప్పిని తగ్గించుట యోటమిని ఒప్పుకొనుట యని తలంచువారికి ఇంతకంటె జవాబు వేరొకటి యేల? హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో ఇట్టి విభాగము కలదు. మార్ఫీను పేరు విని భయపడక, వైద్యుని పర్యవేక్షణమున వాడించుట బంధువుల ధర్మము.

తుదకు చేదైన మాట యొకటి. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు రోగులను, రోగులు కానివారిని పోల్చి, ఊపిరితిత్తుల క్యాన్సరునకును పొగత్రాగుటకును గల సంబంధమును చూపిరి. పొగ త్రాగనివారికిని ఈ వ్యాధి వచ్చుట నిజమే, అయినను ప్రధానకారణము పొగయే. మన సభ్యులలో పొగాకు పండించువారు, వ్యాపారము చేయువారు గలరు. ఈ సభాభవనమునకు చందాలిచ్చిన చేతులలో వారివియు గలవు. వారి జీవనాధారమును నిందించుట మా యుద్దేశము కాదు. కాని మన శుభకార్యములయందు సిగరెట్టు పెట్టెలను పళ్ళెరమున పెట్టి అతిథులకు చూపు నాచారమును మన యిండ్లలో మనమే మాన్పుకొనవచ్చును. దానికి ఏ ప్రయోగమును అక్కరలేదు, ఏ వ్యయమును లేదు. పొగను చూచి నిప్పును అనుమానింపగల బుద్ధి మనకు చాలును.

ఆశను చంపుమని మేము చెప్పలేదు. ఆశకు ప్రమాణమును తోడుగ పంపుమని చెప్పితిమి. సుబ్బారావుగారి బృందమిచ్చిన మందు పదిమంది పిల్లలకు కొన్ని నెలలే ఊరటనిచ్చినను, దానిని దాచక వ్రాసినందున దాని వంశమునుండి నేటి మందులు పుట్టినవి. మన నిధి చిన్నది, మన రోగులు పెక్కురు. ఆ ఐదు ప్రశ్నలను తీర్మానరూపమున ఈ మహాసభ ఆమోదించి, సహాయనిధి నిబంధనలలో చేర్చవలయునని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.